గుండ్లకమ్మ నీళ్ళు

ఆ మొద్దు కాస్త అవతలికి నెట్టు నాయనా, పొగంతా చెల్లెలి కళ్ళల్లోకి పోతోంది. ఆఁ, ఇప్పుడు కూర్చో. దుప్పటి కప్పుకో.

మధ్యాహ్నం మీ అమ్మతో నువ్వన్న మాట నా చెవిన పడింది. హాస్టల్లో ఎవరో అన్నాడంట గదా, మీవి బియ్యం బాప్తిస్మాలు, కరువులో తెల్లదొరలు గింజలు చల్లి మిమ్మల్ని పట్టారు అని. నువ్వేమీ అనలేక తల వంచుకుని వచ్చావంట. జవాబు తెలియక వంచావు. ఆ తప్పు మాది, ఇన్నాళ్ళూ మీకు చెప్పకుండా కూర్చున్నాం. ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోమాక. వాడు విన్నది వాడు అన్నాడు. నేను విన్నది నేను చెప్తా.

మా తాత వాళ్ళ నాయన వెల్లంపల్లి రేవులో మునిగి లేచినవాడు. ఆయన్ని నేను చూడలేదు. ఆయన చెప్పిందంతా మా తాత విన్నాడు, ఇట్టాగే మంట దగ్గర కూర్చోబెట్టుకుని నాకు చెప్పాడు. మిగతాది బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ పుస్తకాల్లో వెతుక్కున్నా.

మనది తోలు పని. ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకొచ్చేది మనమే. తోలు వలిచి, లందలో నానేసి, తంగేడు చెక్కతో పదును చేసి, రైతుకి చెప్పులు, కపిలకి బాన కుట్టి ఇచ్చేది మనమే. మనం కుట్టిన బాన లేకపోతే బావిలో నీళ్ళు చేలోకి ఎక్కేవి కావు. ఆ బావిలో చేద వేసే హక్కు మాత్రం మనకి లేదు. జాతరకి డప్పు కొట్టాలి. అధికారి ఊళ్ళోకి వస్తే సామాను మోయాలి, అది వెట్టి. కూలి అంటే పంట వచ్చినప్పుడు కళ్ళంలో కొలిచే మేర గింజలు, మధ్యలో చచ్చిన గొడ్డు మాంసం. ఇదీ మన ఆస్తి. లోపల పెట్టెలో గుడ్డలో చుట్టి ఉన్న చెప్పులు కుట్టే ఆరె, తోలు కోసే రంపె చూశావు గదా? ఆ ఆరె పిడి చెయ్యి పట్టుకునే చోట లోపలికి అరిగిపోయి ఉంటుంది. మూడు తరాల బొటనవేళ్ళు అరగదీసిన గుంట అది.

ఇప్పుడు దొరల సంగతి. ముందు ఒకటి గుర్తుపెట్టుకో. ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళూ మిషనరీలూ ఒకటే అనుకుంటారు చాలామంది. కుంఫిణీకి వ్యాపారం కావాలి, మతం జోలికి పోతే జనం తిరగబడతారని భయం. అందుకే మిషనరీలని చాలాకాలం రానిచ్చేది కాదు. 1813లో చట్టం మారిందాకా వాళ్ళు దొడ్డిదారినే రావాల్సి వచ్చింది. లండన్ మిషన్ వాళ్ళు 1805లో విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తలు తర్జుమా చేసుకుంటూ కూర్చున్నారు. 1841లో బందరుకి ఇంగ్లీషు చర్చి వాళ్ళు, 1842లో గుంటూరుకి లూథరన్ హేయర్ దొర వచ్చారు. మన బాప్టిస్టులు అమెరికా వాళ్ళు, 1840లో నెల్లూరులో మకాం పెట్టారు. పెట్టి ఏం సాధించారు? పాతికేళ్ళు ఎండలో తిరిగితే చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్క. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి, ఈ సీమకి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారంట. ఆ కొండనే ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం.

మనిషి రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. ఆయన క్లౌ దొర, 1866లో ఒంగోలు వచ్చాడు. అయితే నేను చెప్పాలనుకున్న మనిషి ఆయన కాదు. ఆయనకంటే ముందు ఇంకొకాయన ఉన్నాడు.

యెర్రగుంట్ల పేరయ్య. మన మాదిగ కులంవాడే. ఒంగోలుకి పడమర తాళ్లకొండపాడులో ఉండేవాడు, తోళ్ళ బేరగాడు. అచలం, యోగం అంటూ గురువుల వెంట తిరిగి, రోజూ ధ్యానంలో కూర్చునేవాడు. మనవాళ్ళకి ఏం తెలుసు, కడుపుకి తప్ప దేనికీ ఏడవరు అనేవాళ్ళకి ఈయన కథ చెప్పాలి. చదువు రాని మనిషి, పొద్దంతా తోళ్ళ కంపు, రాత్రయితే దేవుడెవరన్న ఆలోచన. తోళ్ళు కొనడానికి ఉత్తరాదికి, ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీల నోట యేసు మాట విన్నాడు. విన్నవాడు ఊరుకోలేదు. తనే మనుషుల్ని పంపించి దొరని పిలిపించుకున్నాడు. జ్యూయెట్ దొర వచ్చి ఆయనకి బాప్తిస్మం ఇచ్చాడు. అప్పటికి కరువూ లేదు, గింజలూ లేవు. ఆ సంగతి మీ హాస్టల్ అబ్బాయికి చెప్పు.

క్లౌ దొర ఒంగోలు వచ్చి 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం పెట్టాడు. ఆ నెలలోనే తాళ్లకొండపాడు పోతే, చింతతోపులో జనం దుప్పట్లు, సద్దిమూటలు పెట్టుకుని ఆయన కోసం కూర్చుని ఉన్నారంట. పేరయ్య చుట్టుపక్కల ఊళ్ళన్నీ అప్పటికే తిరిగి చెప్పి ఉంచాడు. ఐదు రోజులు అక్కడే ఉండి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు దొర. దున్నింది పేరయ్య, విత్తింది పేరయ్య. దొర కోతకి వచ్చాడు.

ఇక్కడ దొరకొక చిక్కు వచ్చింది. ఒంగోల్లో పెట్టిన బడికి పెద్ద కులాల పిల్లలు వస్తున్నారు, వాళ్ళ పెద్దలు కూడా మంచిగానే ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారు. బడి ఖాళీ అవుతుంది. చదువుకున్నవాళ్ళని, పలుకుబడి ఉన్నవాళ్ళని వదులుకుని, తోళ్ళు మోసేవాళ్ళని పట్టుకోవాలా? దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ఎవరికి వాళ్ళు బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకటే చోటు వచ్చిందని చెప్తారు, లోకం చులకన చేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని ఉండే చోటు. ఆ రోజు వాళ్ళు మనల్ని ఎంచుకున్నారు. అందుకే ఆ దంపతుల పేరు ఈ ఇంట్లో గౌరవంగా పలకాలి.

చేరినవాళ్ళకి దొర పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ చూడు, ఆదివారం పనికి పోకపోతే ఆసామికి కోపం. చచ్చిన గొడ్డు తినకపోతే ఆ పూట తిండి లేదు. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరంతటికీ కోపం. ఈ మూడూ కలిపి మేర గింజలకే ఎసరు పెట్టాయి. పని ఇవ్వద్దు, నిప్పు ఇవ్వద్దు, దారిన నడవనివ్వద్దు అని కట్టుబాట్లు చేసిన ఊళ్ళు ఎన్నో. కడుపు కోసం మతం మారినవాడు కడుపు మాడ్చుకునే మతంలోకి పోతాడా? ఇది నేను మా తాతని అడిగిన ప్రశ్న. ఆయన నవ్వి, పేరయ్యని అడగరా అన్నాడు.

ఇక కరువు. అంతకు నలభై ఏళ్ళ ముందు నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. ఇది ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. వానలు లేవు. గొడ్లు చచ్చాయి, మొదట్లో మనవాళ్ళకి తోళ్ళు గుట్టలు పడ్డాయి, కొనేవాడు లేడు. తర్వాత మనుషులు చచ్చారు. అప్పుడు సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. ఆకలి చావుల మధ్య కూలి దొరికే చోటు అదొక్కటే, అయితే పనిమీద ఉన్న మేస్త్రీలు మాదిగల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, కొట్టేవాళ్ళు, కూలి కోసేవాళ్ళు. క్లౌ దొర అమెరికాలో ఉన్నప్పుడు భూములు కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ఆ విద్య అక్కరకొచ్చింది. కాలవలో మూడున్నర మైళ్ళు తనే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే పనిమీద పెట్టాడు. మన మనిషి పైన ఉన్నాడని తెలిసి జనం వందల ఊళ్ళ నుంచి నడిచి వచ్చారు. తాటాకు గుడిసెలు వేసుకుని వేలమంది తవ్వారు. మధ్యాహ్నం మన్ను తట్టలు దించి నీడన కూర్చున్నప్పుడు బోధకుడు పక్కనే కూర్చుని కథ చెప్పేవాడు. మా ముత్తాత యేసు పేరు మొదట విన్నది ఆ తవ్విన మట్టికట్ట మీదే. అప్పటికి ఆయనకి పదహారేళ్ళు. వాళ్ళమ్మ కలరాతో అక్కడే పోయింది. కాలవ గట్టునే పాతిపెట్టారు, ఎక్కడో తెలియదు. చీరాల పోయేటప్పుడు కాలవ కనిపిస్తే నేను టోపీ తీస్తాను గదా, మీరు ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అందుకే.

బాగా విను, అసలు సంగతి ఇది. కరువు పట్టి పీడిస్తుంటే వేలమంది మాకు బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. దొర ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, వచ్చినవాళ్ళ మనసేంటో ముందు తేలాలని. కాలవ పని అయిపోయింది, వానలు పడ్డాయి. ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకి పోండి అన్నాడు. జనం పోలేదు. మాకు నీ డబ్బు వద్దు, బాప్తిస్మం ఇవ్వు అన్నారంట.

ఆకలికీ దీనికీ సంబంధమే లేదని నేననను. అబద్ధం చెప్పకూడదు. చావు అంచున ఉన్నప్పుడు ఎవరు చెయ్యి పట్టుకున్నారో మనిషి మర్చిపోడు. ఊళ్ళో తరతరాలుగా ఎవరికి చెప్పులు కుట్టామో వాళ్ళు తలుపు వేసుకున్నారు, ఎవరో పరాయివాడు వచ్చి తాటాకు పందిరి కింద కూర్చున్నాడు. ఆ లెక్క మనసులో ఉంటుంది. ఉండాలి. దాన్ని అమ్ముడుపోవడం అనకూడదు.

1878 జులై 3. ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి, గుండ్లకమ్మ రేవు. దొర నీళ్ళలోకి దిగలేదు, గట్టు మీదే ఉన్నాడు. బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్ళలో నిలబడతారు, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకి ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా. ఆ ఒక్కరోజే 2,222 మంది. ముందురోజు, మర్నాడు కలిపితే మూడు రోజుల్లో 3,536. డిసెంబరు అయ్యేసరికి 9,606.

మా ముత్తాతకి ఆ లెక్కలేవీ తెలియవు. ఆయన చెప్పింది ఒక్కటే. గట్టు మీద ఒకాయన కాయితం పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. ఈయన పేరు చదివాడు. పుట్టి పదహారేళ్ళు, ఊళ్ళో ఒరే, ఏరా తప్ప పిలుపు లేదు. ఆ కాయితం మీద తన పేరు ఉందనీ, చూసి చదివితే అదే పలుకుతుందనీ ఆయనకి ఆ క్షణందాకా తెలియదు. నన్ను కాదేమోనని అక్కడే నిలబడిపోయాడంట. రెండోసారి పిలిచారు. నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. చేతులు రెండూ ముక్కు మీద పెట్టుకున్నాడు, మునిగాడు, లేచాడు. లేచాక మొదట ఆలోచించింది దేవుడి గురించి కాదంట, ఆ కాయితం గురించి. ఇంటికొచ్చి ఇసకలో వేలితో గీసుకుంటూ పంతులు దగ్గర తన పేరులో అక్షరాలు దిద్దాడు. ఆయన కొడుకు, మా తాత, నాలుగో తరగతి చదివాడు. తాత కొడుకు, మా నాయన, మిషన్ బడిలో పంతులయ్యాడు. నేను పంతుల్నయ్యాను. మీ నాయన ఇంజినీరు. ఆరె పెట్టెలోకి పోయింది అట్టా.

తర్వాత సంగతులు బోలెడు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా దొరసాని మన బోధకుల్ని కూర్చోబెట్టి వాళ్ళ కథలు వాళ్ళ నోటనే విని 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది, చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలని పేరు పెట్టింది. మనవాళ్ళ చరిత్ర అందులోనే దొరుకుతుంది. గుంటూరులో కుగ్లర్ డాక్టరమ్మ ఆస్పత్రి లేకపోతే ఈ సీమలో ఎన్ని కాన్పులు చావులయ్యేవో. మా అక్క అక్కడే పుట్టింది. తెలంగాణలో పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టించిన మెదక్ గుడి 1924 క్రిస్మస్‌కి పూర్తయింది. దోర్నకల్లో 1912లో బిషపు అయిన అజరయ్య తమిళుడు, ఇంగ్లీషు చర్చికి మొట్టమొదటి భారతీయ బిషపు. దొరల రాజ్యంలో దొరలున్న చర్చికి మనవాడు పైన కూర్చున్నాడు.

మంచే చెప్పి ఊరుకోను. దొరలు సీమని వాటాలేసుకున్నారు, ఈ తాలూకా మీది, ఆ తాలూకా మాది అని. బంగళా చుట్టూ గోడ కట్టుకున్నారు, మనం ఆ గోడ బయట నిలబడి సలాము కొట్టాం. జీతం ఇచ్చే చెయ్యి పైన, తీసుకునే చెయ్యి కింద ఉన్నంతకాలం మనవాడు పాస్టరయినా దొర ముందు కుర్చీలో కూర్చోలేదు. మనమేం తక్కువ తిన్నాం? ఒంగోలు వైపు బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లంటే ఎక్కువగా మాలలు. రెండు పల్లెల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి ఒకే బైబిలు చాల్లేదు. గుండ్లకమ్మలో అన్నీ వదిలాం గానీ కులాన్ని మాత్రం తడిబట్టల్లోనే ఇంటికి మోసుకొచ్చాం. ఇది మన సిగ్గు. నేను చచ్చేలోపు ఈ ఇంట్లో అది పోవాలి.

పెంతెకొస్తు వాళ్ళు వచ్చింది మా చిన్నతనంలో. కేరళ నుంచి పి.ఎం. శామ్యూల్ గారు వచ్చి గోదావరి, కృష్ణా జిల్లాల్లో తిరిగారు. వాళ్ళ సంఘం ఇండియన్ పెంతెకొస్తు చర్చిని 1935లో ఏలూరులోనే రిజిస్టరు చేశారు. పెంతెకొస్తుతో కలవకుండా, లూథరన్ గుడి లోంచి బయటికొచ్చి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను పెట్టారు. చూడు, 1947కి ముందే దొర చెయ్యి వదిలి నడవడం మొదలుపెట్టారు మనవాళ్ళు.

మన పల్లెకి పెంతెకొస్తు వచ్చింది మా పిన్ని వల్ల. నాకప్పుడు పదేళ్ళు. ఆమె బిడ్డకి జ్వరం ఇరవై రోజులు తగ్గలేదు. సైకిలు మీద ఒకాయన వచ్చాడు, తెల్ల పంచె, చంకలో కంజిర. నేల మీద చాప పరుచుకుని రాత్రంతా బిడ్డ పక్కన ప్రార్థన చేశాడు. జ్వరం తగ్గింది. ఎందుకు తగ్గిందో నేను తేల్చను. ఆ రాత్రంతా మా ఇంట్లో కూర్చున్న మనిషి ఆయనొక్కడే, అది చూశాను. మర్నాటి నుంచి పిన్ని ఆ సంఘానికి పోయింది. ఒకరోజు చెవికమ్మలు, ముక్కుపుడక తీసి మా నాయనమ్మ ముందు పెట్టింది. నాయన మండిపడ్డాడు. చప్పట్లేంటి, అన్యభాషలేంటి, ఆడవాళ్ళు గొంతెత్తి ప్రార్థన చెయ్యడమేంటి అని అరిచాడు. పిన్ని ఒకటే మాట అంది. బావా, మీ గుడిలో నేను నలభై ఏళ్ళు చివరి వరసలో కూర్చున్నా, నన్ను ప్రార్థన చెయ్యమని ఒక్కడు అడగలేదు. అక్కడ మొదటి ఆదివారమే అడిగారు. నాయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. దొరలు పోయాక సంఘాలు ఎండిపోతాయన్నారు. బంగళా లేకుండా, జీతం లేకుండా, చాపల మీద కూర్చుని పెరిగాయి. పిన్నిలాంటి వాళ్ళ వల్ల పెరిగాయి.

ఇంకో మాట చెప్తా. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే అని. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. మనకి లేదు, మనం బీసీ-సి. ఉద్యోగానికి పోయినప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా నా కాయితం చూసి, పెద్దాయన మంచిగానే చెప్పాడు, క్రైస్తవుడు అన్న మాట కొట్టెయ్యి బాబూ, నీ దారి సులువవుతుంది అని. అట్టా రాసుకున్నవాళ్ళని నేను తప్పు పట్టను, పిల్లలున్నవాళ్ళు, ఏం చేస్తారు. నేను కొట్టెయ్యలేకపోయాను. గట్టు మీద చదివిన ఆ కాయితం గుర్తొచ్చింది. మతం మారినా చేద వేసే హక్కు మారని ఊళ్ళు ఉన్నాయి గదా, మరి హోదా ఎందుకు పోవాలి? ఇది అన్యాయం.

మంట తగ్గింది. నిద్రొస్తోందా? చివరిగా ఒక్క పని చెప్తా. మన సంఘం చరిత్ర పుస్తకంలో దొరల పేర్లున్నాయి, దొరసానుల పేర్లున్నాయి, పాస్టర్ల పేర్లున్నాయి. మా నాయనమ్మ ముప్పై ఏళ్ళు బైబిలు ఉమెన్‌గా పనిచేసింది. సంచీ, గొడుగు పట్టుకుని చెప్పుల్లేకుండా ఏడు ఊళ్ళు తిరిగేది. చెప్పులు కుట్టే కులంలో పుట్టి చెప్పుల్లేకుండా! ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పింది, కాన్పులు చేసింది, శవాలకి స్నానం చేయించింది. ఆ పుస్తకంలో ఆమె పేరు లేదు. ఆమెలాంటివాళ్ళు ప్రతి పల్లెలో ఉన్నారు, ఎవరి పేరూ లేదు. గుర్తున్నవాళ్ళం నాలాంటి ముసలాళ్ళం, ఎంతమందిమి మిగిలామో మీకే తెలుసు.

పొద్దున్నే నోటుపుస్తకం తెచ్చుకో. మొదట నాయనమ్మ పేరు చెప్తా, రాసుకో.